ఒకసారి మునిగినవాళ్లు మళ్లీ మొదలుపెడితే పాత లైన్లోనా, కొత్త లైన్లోనా?

దువ్వాడ లేత్ (ఆదివారం రాత్రి)

అందరికీ నమస్కారం. విశాఖ గాజువాక ఆటోనగర్‌లో నాకు మెషినింగ్, ఫ్యాబ్రికేషన్ షాపు ఉండేది. షాఫ్టులు, బుష్‌లు, కప్లింగులు, పంపు స్లీవులు చేసేవాళ్లం. పనికి ఎప్పుడూ కొదవ లేదు. చేసిన పనికి డబ్బు రాక షాపు పోయింది. మా బిల్లుల్లో సగానికి పైగా ఒకే పెద్ద కాంట్రాక్టరు దగ్గర ఇరుక్కున్నాయి. పైనుంచి తనకి రాలేదని ఆయన, ఆయన దగ్గర్నుంచి రాలేదని మేము. జీతాలు, కరెంటు బిల్లు, బ్యాంకు వడ్డీ మాత్రం ఆగవు కదా. చివరికి మెషిన్లు, మా ఆవిడ నగలు కొన్ని అమ్మి, బ్యాంకుతో వన్ టైమ్ సెటిల్‌మెంట్ (బ్యాంకు కొంత వదులుకుంటే మిగతాది కట్టేయడం) చేసుకుని బయటపడ్డాను. బయట అప్పులు కూడా తీరాయి.

ఇప్పుడు మా బావమరిది మధురవాడలో క్లౌడ్ కిచెన్ (కూర్చుని తినే చోటు లేకుండా యాప్ ఆర్డర్లకే వండే వంటగది) పెడదాం, బిర్యానీకి తిరుగుండదు అంటున్నాడు. నా దగ్గర పనిచేసిన ఫిట్టర్లు, వెల్డర్లు "మళ్లీ మొదలెట్టండి సార్, మేమొస్తాం" అంటున్నారు. ఇంట్లో ఉద్యోగం చూసుకోమంటున్నారు.

ధైర్యం చెప్పే మాటలు చాలా విన్నాను, అవి వద్దు. వ్యాపారంలో దెబ్బతిన్నాక మీ ఆలోచనలో నిజంగా ఏం మారింది? రెండోసారి అవకాశం ఎక్కడ కనిపించింది? మళ్లీ వ్యాపారం జోలికి వెళ్లనివాళ్లు కూడా రాయండి. అది కూడా నాకు కావాలి.

రుషికొండ కోడ్ (ఆదివారం రాత్రి)

అన్నా, నా మొదటి యాప్ మూతపడింది. రెండోది పెట్టినప్పుడు మాట్లాడిన ఇన్వెస్టర్లందరూ మొదటిదాని గురించే అడిగారు, గౌరవంగానే అడిగారు. ఒకసారి పడినవాడికి గోతులు ఎక్కడున్నాయో తెలుస్తాయి. మార్కెట్ పెద్దదైతే చాలు, ఏ లైనైనా ఫర్వాలేదని నా అభిప్రాయం. ఫుడ్ మార్కెట్ చాలా పెద్దది, పెట్టేయండి.

పాఠాల పంతులు (సోమవారం ఉదయం)

తమ్ముడూ, పడినవాడికి గోతులు తెలుస్తాయనే మాట మనందరికీ ఇష్టమే గాని, లెక్కలు అంత ధీమాగా చెప్పడం లేదు. అమెరికాలో వెంచర్ క్యాపిటల్ (కొత్త కంపెనీల్లో వాటా కోసం పెట్టే పెట్టుబడి) తీసుకున్న కంపెనీల మీద గోంపర్స్, కోవ్నర్, లెర్నర్, షార్ఫ్‌స్టైన్ అనే నలుగురు చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. అంతకుముందు ఒక కంపెనీని షేర్ మార్కెట్ దాకా తీసుకెళ్లినవాళ్లు మళ్లీ గెలిచే అవకాశం 30 శాతం దాకా ఉంది. కొత్తగా దిగినవాళ్లకీ, ముందు ఓడినవాళ్లకీ అది 20 శాతం చుట్టుపక్కలే. ఈ ఇద్దరి మధ్యా తేడా చాలా స్వల్పం. అంటే ఓడినంత మాత్రాన పాఠం దానంతటదే తలకెక్కదు.

ఇంకో పరిశోధన దువ్వాడ లేత్ గారి ప్రశ్నకి నేరుగా తగులుతుంది. 2015లో ఎగర్స్, సాంగ్ అనే ఇద్దరు, ఓడిన వ్యాపారులు రెండోసారి ఏం చేస్తారని చూశారు. చాలామంది తప్పంతా ఆ రంగం మీదకి నెట్టేసి వేరే రంగంలోకి వెళ్లిపోతారట. అలా వెళ్లడం వల్ల మొదటి రంగంలో సంపాదించిన జ్ఞానం చేజారి, రెండో వ్యాపారం ఇంకా బలహీనపడుతుందట. "పోయిన చోటే వెతుక్కోవాలి" అని మన పెద్దలు ఊరికే అనలేదు. మీ డబ్బు పోయింది. ఏ ప్లాంటుకి ఏ పార్టు ఎప్పుడు కావాలి, ఎవరు డబ్బిస్తారు, ఎవరు తిప్పుతారు అన్న సంగతి మీ దగ్గరే ఉంది. బిర్యానీలోకి వెళ్తే అది కూడా పోతుంది.

రుషికొండ కోడ్

మాస్టారూ, మరి శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డి గారి సంగతేంటి? ఆయన బ్యాటరీల కంపెనీ నుంచి బయటికొచ్చి టీకాల్లోకి వెళ్లారు కదా. లైన్ మారే గెలిచారు.

పాఠాల పంతులు

మంచి ఉదాహరణ తెచ్చావు. భాగస్వాములతో పొసగక బయటికొచ్చిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు ఆయన. కంపెనీ పెట్టింది 1993లో, హెపటైటిస్-బి టీకా మార్కెట్లోకి వచ్చింది 1997లో. ఆ మధ్య సంవత్సరాలు అమ్మకానికి ఏమీ లేకుండా శాస్త్రవేత్తలను పోషించాలి. ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ డబ్బుతో ఆదుకున్నారు కాబట్టి నిలబడగలిగారు. అలాంటి అండ, అన్నేళ్ల ఓపిక ఉంటే లైన్ మారొచ్చు. మామూలు కుటుంబానికి ఆ వెసులుబాటు ఉండదు.

ఎంవీపీ వంటిల్లు (సోమవారం మధ్యాహ్నం)

సార్, తిండి వ్యాపారం గురించి నేను చెప్తాను. ఎంవీపీ కాలనీలో నాకు టిఫిన్ సెంటర్ ఉండేది. పొద్దున్న పూట నిలబడటానికి చోటుండేది కాదు. అయినా మూసేశాం. షాపు పేరుకే నాది, పెత్తనమంతా వంట మాస్టర్‌ది. పెళ్లిళ్ల సీజన్ రాగానే క్యాటరింగ్‌కి వెళ్లిపోయేవాడు. ఇంకొకరిని పెడితే ఇడ్లీ మారిపోయేది, చట్నీ మారిపోయేది. రోజూ వచ్చేవాళ్లు ఒకటి రెండు రోజులు చూసి పక్క బండి దగ్గరికి పోయేవారు. వంట చేతిలో లేనివాళ్లు వంట వ్యాపారం పెడితే ఇదే జరుగుతుంది. క్లౌడ్ కిచెన్‌లో అయితే దీనికి తోడు యాప్ కమీషన్, డిస్కౌంట్లు, ప్యాకింగ్ ఖర్చు ఉంటాయి. కస్టమర్ ముఖం కూడా మీకు కనపడదు. బిర్యానీ బాగోలేదని ఎదురుగా చెప్పడు, ఒక స్టార్ ఇచ్చి పోతాడు. మీ బావమరిది గారికి వంట వచ్చా? ముందు అది అడగండి.

ఇక మీ అసలు ప్రశ్న. సెంటర్ మూసేశాక చుట్టుపక్కల టిఫిన్ సెంటర్ల వాళ్లకి నేను పోటీ కాదు కదా, మనసు విప్పి మాట్లాడటం మొదలుపెట్టారు. అందరిదీ ఒకటే గోల. రాత్రి రుబ్బే మనిషి రాడు, వచ్చినా పిండి రోజుకో తీరుగా ఉంటుంది. ఆ గోల నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు వాళ్లకే ఇడ్లీ పిండి, దోసె పిండి, కారప్పొడి వేస్తున్నాను.

మన ఊరి ఉక్కలో మే నెల పిండిని పట్టుకోవడం తేలిక కాదు. ఐసు నీళ్లతో రుబ్బాలి, లేకపోతే గ్రైండర్ వేడికే సగం పులిసిపోతుంది. బకెట్ సగానికి మించి పోయకూడదు. తెల్లారకముందే సెంటర్‌కి చేరేసరికి పొంగి ఉండాలి గాని పులుపు ఎక్కకూడదు. డిసెంబరులో అదే పిండి బద్ధకంగా కూర్చుంటుంది, సాయంత్రమే రుబ్బాలి. ఇవన్నీ సెంటర్ నడిపిన రోజుల్లోనే నాకు తెలుసు. అప్పుడు అవి తలనొప్పులు, ఇప్పుడు నేను అమ్ముతున్నది అవే.

నాలో మారిందేమిటంటే, గిరాకీ చూసి మురిసిపోవడం మానేశాను. ఈ పనిలో ఎవరు రాకపోతే నా షాపు ఆగుతుంది అని ముందు చూస్తాను. అలాంటి మనిషి ఒక్కరే ఉంటే ఆ పని మొదలుపెట్టను.

పాత లెక్కలు (సోమవారం సాయంత్రం)

నేను అకౌంట్స్, ట్యాక్స్ పని చేస్తాను. ఆటోనగర్ క్లయింట్లు చాలామంది ఉన్నారు. దువ్వాడ లేత్ గారి లాంటి కథే వేరువేరు పేర్లతో వింటూ ఉంటాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

2006 నాటి ఎంఎస్‌ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టం ప్రకారం ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న యూనిట్లకి ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న యూనిట్‌కి కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కట్టకపోతే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, అది రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్నులో 43బి(హెచ్) అనే నిబంధన కూడా వచ్చింది. గడువులోగా కట్టని బిల్లుని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు, ఎప్పుడు కడితే అప్పుడే.

ఇంత చట్టం ఉన్నా చిన్న షాపులు మునుగుతూనే ఉన్నాయి. కారణం మీకు తెలుసు. ఫిర్యాదు పెట్టిన మర్నాటి నుంచి ఆర్డరు రాదు. ఒకే కస్టమర్ మీద బతికే షాపుకి చట్టం చేతిలో ఉన్నా వాడే దమ్ముండదు. కాబట్టి అసలు జబ్బు బిల్లు ఆలస్యం కంటే ముందే మొదలవుతుంది, సగానికి పైగా పని ఒకే చోటు నుంచి వచ్చిన రోజునే. "పెద్ద పార్టీ దొరికింది" అని స్వీట్లు పంచిన షాపులకే ఎక్కువ టెన్షన్ చూశాను.

దానికి తోడు జీఎస్టీ. బిల్లు కొడితే చాలు, డబ్బు వచ్చినా రాకపోయినా వచ్చే నెల పన్ను కట్టాలి. రాని డబ్బు మీద చేతి నుంచి పన్ను కట్టి, అందుకోసం ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) వాడి, ఆ ఓడీ మీద వడ్డీ కడుతుంటారు. ఇక్కడ కొందరికి తెలియని మెలిక ఒకటుంది. 180 రోజుల్లో సప్లయర్‌కి డబ్బు కట్టకపోతే, ఆ బిల్లు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ని (బిల్లులోని జీఎస్టీని తన పన్నులోంచి తగ్గించుకున్నదాన్ని) కొనుగోలుదారు వడ్డీతో సహా వెనక్కి ఇవ్వాలి. గొడవ పెట్టుకోకుండా వాళ్ల అకౌంట్స్ విభాగానికి 150వ రోజు ప్రాంతంలో మర్యాదగా ఒక మెయిల్ పెడితే చాలు. యజమానికి పట్టకపోయినా అకౌంటెంటుకి పడుతుంది, ఎందుకంటే ఆడిట్‌లో సమాధానం చెప్పాల్సింది అతనే.

టర్నోవర్ 250 కోట్లు దాటిన కంపెనీలు ట్రెడ్స్ (చిన్న యూనిట్ల బిల్లుల మీద ముందే డబ్బు ఇప్పించే ఆన్‌లైన్) వేదికల్లో నమోదు కావాలనే నిబంధన కూడా ఉంది. మీ బిల్లుని వాళ్లు అక్కడ ఆమోదిస్తే బ్యాంకులు పోటీపడి డిస్కౌంట్ చేస్తాయి, అంటే కొంత తగ్గించి డబ్బు ముందే ఇస్తాయి, పార్టీ కట్టకపోయినా మిమ్మల్ని తిరిగి అడగవు. రెండోసారి మొదలుపెట్టేవాళ్లు పార్టీ ఎంత పెద్దదని అడిగే ముందు ట్రెడ్స్‌లో ఉందా, బిల్లు ఆమోదిస్తుందా అని అడగాలి.

దువ్వాడ లేత్

అందరికీ ధన్యవాదాలు. పాత లెక్కలు గారూ, ఫిర్యాదు పెట్టలేదన్నది నిజం, మీరు చెప్పిన కారణమే. వంటిల్లు మేడమ్ గారూ, మా బావమరిదికి తినడం బాగా వచ్చు, వండటం రాదు. ఈ మాట అతనితో చెప్పాను, నొచ్చుకోలేదు.

ఒక సందేహం. సెటిల్‌మెంట్ అయినవాడికి బ్యాంకు మళ్లీ అప్పిస్తుందా?

రిటైర్డ్ బ్యాంకు (సోమవారం రాత్రి)

బాబూ, బయటపడ్డానని రాశారు. కాగితాల మీద కూడా బయటపడ్డారా? నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకున్నారా? తాకట్టు పెట్టిన దస్తావేజులు చేతికొచ్చాయా? సెర్సాయ్‌లో (తాకట్టు ఆస్తుల కేంద్ర రిజిస్టర్లో) ఆస్తి మీద బ్యాంకు ఛార్జి తీసేశారా? ఇవి పూర్తికాకుండా కొత్త పనికి దిగితే పాతది వెనకనుంచి కాలు పట్టుకుంటుంది.

సిబిల్‌లో మీ ఖాతా పక్కన "సెటిల్డ్" అని ఉంటుంది, "క్లోజ్డ్" అని ఉండదు. ఆ గుర్తు కొన్నేళ్లు వెంటాడుతుంది. వీలున్నప్పుడు బ్యాంకు వదులుకున్న మొత్తం కూడా కట్టి క్లోజ్డ్‌గా మార్పించుకున్నవాళ్లను నా సర్వీసులో చూశాను. వాళ్లకి తర్వాత తలుపు తెరుచుకుంది. వెంటనే అప్పు కోసం తిరక్కండి. ముందు అప్పు అవసరం లేని పని చూడండి.

చదివే మిగతావాళ్లకి ఒక మాట. వాయిదా తప్పిన మొదటి 30 రోజుల్లో ఖాతా ఎస్‌ఎంఏ-0 అనే హెచ్చరిక దశలో ఉంటుంది, 60 దాకా ఎస్‌ఎంఏ-1, 90 దాకా ఎస్‌ఎంఏ-2. 90 దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. మొదటి నెలలో వచ్చి మేనేజరు ఎదురుగా కూర్చుంటే గడువు పెంచడానికో, వాయిదా తగ్గించడానికో దారి ఉంటుంది. మనవాళ్లు పరువనుకుని ఫోను ఎత్తరు. 90 దాటాక వస్తారు. అప్పటికి మేనేజరు చేతిలో ఏమీ ఉండదు. ఇంకొకటి, సీజీటీఎంఎస్‌ఈ (చిన్న యూనిట్ల అప్పులకి హామీ ఇచ్చే ట్రస్టు) గ్యారంటీ లోను తీసుకున్నవాళ్లు ప్రభుత్వం కట్టేస్తుందిలే అనుకుంటారు. ఆ గ్యారంటీ బ్యాంకు కోసం. మీ బాకీ అలాగే ఉంటుంది.

హార్బర్ గాలి (మంగళవారం ఉదయం)

ఫిషింగ్ హార్బర్ దగ్గర మాకు ఐసు ప్లాంటు ఉండేది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌లో పైకప్పు రేకులు లేచిపోయాయి, కరెంటు రోజుల తరబడి లేదు. తుఫానే ముంచిందని అందరూ అంటారు. నాకు అలా అనిపించదు. ఏటా వేట నిషేధం ఉంటుంది, ఇప్పుడది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. బోట్లు కదలవు, ఐసు కొనేవాడుండడు. కంప్రెసర్ మనుషుల జీతాలు, కరెంటు మినిమం ఛార్జీలు మాత్రం నడుస్తూనే ఉంటాయి. ఏడాదంతా సంపాదించింది ఆ నిషేధం రోజుల్లో కరిగిపోయేది. తుఫాను వచ్చేనాటికే లోపల డొల్ల అయిపోయింది ప్లాంటు.

తర్వాత చేసిందేంటంటే, ఏ బోటు ఎంత ఐసు తీసుకునేదో నాకు తెలుసు కదా. ఒకే సైజు బోట్లు, ఒకే రకం వేట, అయినా కొన్ని చాలా ఎక్కువ ఐసు ఎక్కించుకునేవి. లోపల చేపలు దాచే అరకి ఇన్సులేషన్ పోయి ఉండేది వాటికి. ఐసు అమ్మేవాడిగా వాళ్లు నాకు మంచి గిరాకీ. ఇప్పుడు ఆ అరలు విప్పి, తడిసిన ఫోమ్ తీసేసి, కొత్త ఫోమ్ వేసి, పైన ఫైబర్ పూత వేసే పని చేస్తున్నాను. పని ఎక్కువ ఉండేది ఎప్పుడనుకున్నారు? నిషేధం రోజుల్లోనే. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, రిపేర్లన్నీ అప్పుడే చేయించుకుంటారు. నన్ను ముంచిన ఆ రోజులే ఇప్పుడు నా సీజన్.

కాబట్టి దువ్వాడ లేత్ గారూ, మీకు ఎక్కడ బాగా నొప్పి పుట్టిందో అక్కడ చూడండి. అక్కడ ఇంకెవరికో కూడా నొప్పి ఉంటుంది.

సీతమ్మధార నుంచి (మంగళవారం మధ్యాహ్నం)

నేను వ్యాపారం చేసినదాన్ని కాదు. చేసి నష్టపోయిన ఆయన భార్యని. ఇంట్లో ఉద్యోగం చూసుకోమంటున్నారు అని రాశారు కాబట్టి రాయాలనిపించింది.

మా ఆయన షాపు మూతపడ్డాక వాళ్లూ వీళ్లూ "ఐపీ పెట్టాడట" అన్నారు. పెట్టలేదు, ఒక్కొక్కరికీ తీర్చారు. అయినా ఆ మాట పెళ్లిళ్లలో మా వెనకాలే తిరిగింది. ఆయన పొద్దున్నే బీచ్ రోడ్డుకి వెళ్లి మధ్యాహ్నం వచ్చేవారు. ఏమీ మాట్లాడేవారు కాదు. నాకు భయం డబ్బు గురించి కాదు. నేను ఏ కాగితం మీద సంతకం పెట్టానో, మా అత్తగారి ఇల్లు దేనికి పెట్టారో నాకు తెలియదు, ఆ తెలియకపోవడం గురించి. మీ ఆవిడ ఉద్యోగం అడుగుతున్నారంటే ఉద్యోగం మీద మోజుతో అడుగుతున్నారని నేననుకోను. మళ్లీ ఏం జరుగుతుందో తెలియకుండా బతకలేక అడుగుతున్నారు.

మా ఆయన రెండోసారి మొదలుపెట్టారు. నేను మూడు విషయాలు అడిగాను, ఒప్పుకున్నారు. ఇల్లు ఎక్కడా పెట్టకూడదు. అక్కాచెల్లెళ్ల దగ్గర, బావల దగ్గర చేబదులు తీసుకోకూడదు. వారానికి ఒకసారి లెక్కల పుస్తకం నాకు చూపించాలి. చూపించడంతో మొదలై, ఇప్పుడు లెక్కలు నేనే రాస్తున్నాను. ఎవరి దగ్గర ఎంత రావాలో ఆయన కంటే ముందు నాకు తెలుస్తుంది. ఫోన్ చేసి అడిగేది కూడా నేనే. మొహమాటం ఆయనకి, నాకు లేదు.

దయచేసి మీరు నిర్ణయం తీసుకున్నాక ఇంట్లో చెప్పకండి. ముందే కూర్చోబెట్టి చెప్పండి.

రుషికొండ కోడ్

అమ్మా, మీ పోస్టు మా ఆవిడకి చూపించాను. నేను ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు.

పరవాడ షిఫ్టు (మంగళవారం రాత్రి)

వ్యాపారంలోకి మళ్లీ వెళ్లనివాళ్లు కూడా రాయమన్నారు కదా. నాకు చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ ఉండేది, పోయింది. ఇప్పుడు పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీలో మెయింటెనెన్స్ చూస్తున్నాను. తిరిగి వెళ్లాలని లేదు. పిల్లల చదువులు నడుస్తున్నాయి, రాత్రి నిద్ర పడుతోంది. దీన్ని ఓటమి అంటే ఒప్పుకోను. వ్యాపారం చేసిన అనుభవం ఇక్కడ రోజూ పనికొస్తోంది. చిన్న వెండర్ బిల్లు నా టేబుల్ మీద ఆగితే అతని షాపులో ఏం జరుగుతుందో నాకు తెలుసు. అందుకే జీఆర్ఎన్ (సరుకు అందిందని రాసే కాగితం) మీద సంతకం ఆ రోజే పెట్టిస్తాను.

ఇక మీ విషయం. టేబుల్‌కి ఇటువైపు కూర్చున్నాక కనిపించింది చెప్తాను. ఆటోనగర్ షాపుల పనితనానికి వంక పెట్టలేం. అయినా మా పంపు షాఫ్టులు, స్లీవులు చాలావరకు హైదరాబాదు, చెన్నై వెళ్తున్నాయి. ఎందుకో తెలుసా? కాగితం లేదు. నేను ఎస్‌ఎస్ 316 (ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీలు) అడుగుతాను. అతను 316తోనే చేస్తాడు, మనిషి నిజాయితీపరుడే. మెటీరియల్ టెస్ట్ సర్టిఫికెట్ ఎక్కడ అంటే డీలర్ ఇచ్చిన జిరాక్స్ చూపిస్తాడు. ఆ జిరాక్స్ మీదున్న హీట్ నంబరు (ఆ స్టీలు ఏ పోతలో తయారైందో చెప్పే నంబరు) పార్టు మీద ఉండదు. మా క్యూఏ (నాణ్యత చూసే) వాళ్లు రిజెక్ట్ కొడతారు. 304కీ 316కీ కంటికి తేడా తెలియదు. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, క్లోరైడ్ తగిలే చోట దాని వల్లే ఆగుతుంది. 304 వేస్తే గుంటలు పడిపోతుంది. అందుకే మాకు నమ్మకం చాలదు, రుజువు కావాలి.

నంబరు ఎక్కడ పోతుందో కూడా నాకు తెలుసు. బారు కొన్నప్పుడు ఒక చివర ఆ నంబరు పంచ్ కొట్టి ఉంటుంది. మొదటి పనికి ఆ చివర కోసేస్తారు. మిగిలిన బారు ఆ క్షణం నుంచి అనాథ. కోయకముందే మిగిలే ముక్క మీద కూడా అదే నంబరు పంచ్ కొట్టి, రిజిస్టర్లో ఒక లైను రాస్తే చాలు. చిన్న సుత్తి, అంకెల పంచ్ సెట్ ఉంటే అయిపోయే పని. ఎవరూ చేయరు, ఎందుకంటే షాపు ఓనరే మెషిన్ మీద ఉంటాడు, ఓనరే డ్రాయింగ్ చదువుతాడు, ఓనరే బిల్లు కోసం తిరుగుతాడు. డైమెన్షన్ రిపోర్టు రాసే తీరిక ఎవరికుంది? మైక్రోమీటర్ కాలిబ్రేషన్ ఎప్పుడు చేయించారో ఎవరికి గుర్తుంటుంది?

అన్నా, మీకు లేత్ తెలుసు, డ్రాయింగ్ తెలుసు, ప్లాంటులో ఏమడుగుతారో తెలుసు. మళ్లీ మెషిన్లు కొనకండి. ఆ చిన్న షాపులకి ఇన్‌స్పెక్షన్, కాగితాల పని మీరు చేసిపెట్టండి. మెటీరియల్ ట్రేసింగ్, కొలతల రిపోర్టు, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుకి శాంపిల్ పంపడం, వెల్డింగ్ ప్రొసీజర్ ఫైలు. ఊళ్లోకి గూగుల్ డేటా సెంటర్ వస్తోంది, పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ వస్తోంది అని అందరూ సంబరపడుతున్నారు. వైద్య పరికరాలు చేసే మెడ్‌టెక్ జోన్ ఇప్పటికే ఉంది. కాగితం లేని షాపుని వీటిలో ఏదీ గేటు లోపలికి రానివ్వదు.

పాఠాల పంతులు

నేను చెప్పాలనుకున్నది పరవాడ షిఫ్టు గారు నా కంటే బాగా చెప్పారు.

దువ్వాడ లేత్ (బుధవారం రాత్రి)

పరవాడ షిఫ్టు గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. సీతమ్మధార అక్క గారి పోస్టు కూడా. "మెషిన్లు కొనక్కర్లేదా?" అని రెండుసార్లు అడిగింది. అక్కర్లేదంటే, అయితే లెక్కలు నాకు చూపించండి అంది. నా దగ్గర వెర్నియర్, మైక్రోమీటర్లు, బోర్ గేజ్ ఉన్నాయి, అవి అమ్మలేదు. కాలిబ్రేషన్ చేయించాలి. పాత మిత్రుల షాపులకి వెళ్లి మాట్లాడాను. ఒకాయన "నాకెందుకీ కాగితాలు" అన్నాడు. ఇంకొకాయన రిజెక్టయిన స్లీవులు గోనె సంచిలోంచి తీసి బల్ల మీద పోశాడు. పనితనం అద్దంలా ఉంది. కాగితం లేక తిరిగొచ్చాయి.

డబ్బు ఎలా తీసుకోవాలన్నదే తేలడం లేదు. పార్టీ వాళ్లకి కట్టాక నాకు ఇస్తామంటున్నారు.

పాత లెక్కలు

ఒప్పుకోకండి. వాళ్ల పార్టీ బాకీ మీ నెత్తికెక్కుతుంది, మళ్లీ అదే కథ. జాబ్‌కి ఇంత అని పెట్టి, సగం ముందే తీసుకోండి, మిగతాది రిపోర్టు చేతికిచ్చేటప్పుడు. ల్యాబు ఫీజు నేరుగా వాళ్ల చేతే కట్టించండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మొదటి రోజే చేసుకోండి. ఒక్క షాపు నుంచి మీ ఆదాయంలో మూడో వంతు దాటి వస్తుంటే కొత్త షాపు వెతకండి. ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) పెడితే బాధ్యత పరిమితంగా ఉంటుంది గాని, అప్పుకి వెళ్తే బ్యాంకు ఎలాగూ సొంత గ్యారంటీ అడుగుతుంది. అప్పు లేనంతకాలం ప్రొప్రైటర్‌గానే నడపొచ్చు.

పరవాడ షిఫ్టు

రిపోర్టు మీద మీ సంతకం పెట్టేముందు ఒకటి గుర్తుంచుకోండి. మిత్రుడి షాపైనా సరే, కొలత తప్పితే తప్పిందనే రాయాలి. ఒక్కసారి సర్దిరాస్తే మీ కాగితానికి విలువ పోతుంది. ఆ తర్వాత నేనే మీ రిపోర్టు తీసుకోను.

మిల్లింగ్ మూల (గురువారం ఉదయం)

నమస్తే, కొత్త మెంబర్ని. ఆటోనగర్‌లో చిన్న మిల్లింగ్ షాపు. ఈ థ్రెడ్ మొత్తం చదివాను. నా దగ్గర ఎస్‌ఎస్ బార్లు సగం కోసినవి చాలా ఉన్నాయి, నంబర్లు లేవు. డీలర్ బిల్లులున్నాయి గాని ఏ బారు ఏ బిల్లుదో తెలియదు. అన్నీ స్క్రాప్ కింద వేసేయాలా?

దువ్వాడ లేత్

వేసేయొద్దు. ఈ రోజే వాటన్నిటినీ ఒక మూలకి చేర్చి చివర్లకి ఎర్ర రంగు వేయండి, ఎవరూ పొరపాటున పనికి తీసుకోకుండా. సైజుల వారీగా విడదీయండి. మాలిబ్డినం టెస్ట్ కిట్‌తో ముందు 304, 316 వేరు చేసుకోవచ్చు, చుక్క వేస్తే రంగు తెలిసిపోతుంది. 316 అని తేలిన ప్రతి బారు నుంచీ చిన్న ముక్క కోసి ఎన్‌ఏబీఎల్ ల్యాబుకి కెమికల్ టెస్టుకి పంపాలి. పాత హీట్ నంబరు తిరిగి రాదు. ల్యాబు రిపోర్టు నంబరు వచ్చాక దాన్నే బారు మీద పంచ్ కొట్టి రిజిస్టర్లో ఎక్కిద్దాం. అది సరిపోతుందో లేదో కస్టమర్ క్యూఏని ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకోనివాళ్ల పనికి కొత్త బారు కొనాల్సిందే. శనివారం పొద్దున్న షాపు దగ్గరుంటారా? పంచ్ సెట్ నేను తెస్తాను, మీరు డీలర్ బిల్లులన్నీ తీసి పెట్టండి.